ఉపా కేసులో తమ్ముడు అరెస్టయ్యాడు, మేమేం చేయాలి?

ప్రశ్న: మాది ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రం. తమ్ముడికి 24 ఏళ్లు, సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని చేసేవాడు. మూడు వారాల కిందట తెల్లవారుజామున పోలీసులు వచ్చి ఇల్లంతా వెతికారు. ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌తో పాటు వాణ్నీ తీసుకెళ్లి, మర్నాడు కోర్టులో పెట్టి రిమాండ్ చేశారు. ఉపా కేసట. చిన్నప్పటి స్నేహితుడికి ఫోన్‌పేలో 6,000 రూపాయలు పంపాడని, ఆ స్నేహితుడు పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఉన్నాడని అంటున్నారు. ఇప్పుడు కేసు ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) తీసుకుంది. 63 ఏళ్ల మా నాన్నను హైదరాబాద్ రమ్మని నోటీసు వచ్చింది. ఆయన టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఒకాయన నాలుగు లక్షలిస్తే పదిహేను రోజుల్లో బెయిల్ ఇప్పిస్తానంటున్నాడు. బంధువులేమో 90 రోజులు దాటితే వాళ్లే వదిలేస్తారంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? వాడు ఎప్పుడొస్తాడు?
- ఒక అక్క

జవాబు:

అమ్మా, ముందు ఆ నాలుగు లక్షల సంగతి. ఇవ్వకండి. ఉపా కేసులో పదిహేను రోజుల్లో బెయిల్ తెప్పిస్తానని మాట ఇచ్చే మనిషికి ఆ చట్టం తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదన్న ధైర్యం ఉండాలి. 90 రోజులకు వాళ్లే వదిలేస్తారన్నది కూడా సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక నష్టపోయినవాళ్లున్నారు కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను.

ఈ చట్టం పూర్తి పేరు చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం. 1967 నుంచీ ఉంది. అంతకుముందున్న ఉగ్రవాద నిరోధక చట్టం పోటా రద్దయిన 2004లో ఉగ్రవాద నేరాలను ఇందులో చేర్చారు. 2008 నవంబరులో ముంబయి మీద దాడి జరిగాక మరింత బిగించారు, ఎన్‌ఐఏను కూడా అప్పుడే పెట్టారు. బెయిల్‌కు అడ్డం పడేది ఆ ఏడాది చేర్చిన 43డి సెక్షన్. మామూలు కేసుల్లో పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా అని చూసి బెయిల్ ఇస్తారు. ఇక్కడ ఆ మాటలు తర్వాత. కేస్ డైరీ, ఛార్జిషీట్ చదివినప్పుడు ఆరోపణ పైకి నిజమే అనిపిస్తే చాలు, కోర్టు బెయిల్ ఇవ్వకూడదు. ఆ దశలో సాక్ష్యాలను లోతుగా తూచి చూడొద్దని సుప్రీంకోర్టు 2019లో వటాలీ కేసులో చెప్పడంతో దారి ఇంకా ఇరుకైంది. ముందస్తు బెయిల్ ఈ చట్టంలో అసలు లేదు.

అయితే ఈ అడ్డు చట్టంలోని అన్ని సెక్షన్లకూ లేదు. నాలుగు, ఆరు అధ్యాయాల కింద వచ్చే నేరాలకే ఉంది. ఎఫ్‌ఐఆర్‌లో ఉపా నుంచి 10, 13 లాంటి సెక్షన్లు మాత్రమే పెట్టి ఉంటే బెయిల్ మామూలు పద్ధతిలో అడగొచ్చు. 17, 18, 20, 38, 39 లాంటివి ఉంటే 43డి అడ్డొస్తుంది. అందుకే మీకు ముందు కావలసింది ఎఫ్‌ఐఆర్ కాపీ, రిమాండ్ రిపోర్టు. ఇలాంటి కేసుల ఎఫ్‌ఐఆర్‌లు సాధారణంగా ఇంటర్నెట్‌లో పెట్టరు. లాయరు కోర్టులో దరఖాస్తు పెట్టి తీసుకుంటారు. అది చేతిలో లేకుండా ఎవరేం చెప్పినా ఊహే.

ఇక ఆ 6,000 రూపాయలు. ఉగ్రవాదానికి నిధులిచ్చారన్నది 17వ సెక్షన్. డబ్బు అందులోకి పోతుందని తెలిసి ఇచ్చి ఉండాలన్నది ఆ సెక్షన్‌లోనే ఉంది. తెలిసి పంపాడా, స్నేహితుడు అప్పడిగితే పంపాడా అన్నదే ప్రశ్న. గ్రూపులో ఉండటం సంగతీ అంతే. ఏదైనా సంస్థతో సంబంధం ఉందని 38, 39 సెక్షన్ల కింద పట్టుకోవాలంటే ఆ సంస్థ పనులను ముందుకు తీసుకెళ్లే ఉద్దేశం కనబడాలని 2021లో త్వాహా ఫసల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నిషేధించిన సంస్థలో సభ్యుడైతే, సభ్యత్వమే నేరమని అదే కోర్టు 2023లో తేల్చింది. కాబట్టి తమ్ముడు ఆ స్నేహితుడికి అంతకుముందు ఎప్పుడైనా డబ్బు పంపాడా, తిరిగి వచ్చిందా, ఆ నెలలో మీ ఇంట్లో లెక్కలేమిటి, ఇవన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్లో ఉంటాయి. రెండు మూడేళ్లది తీసి లాయరుకు ఇవ్వండి. అందులో మీకు ఇబ్బందిగా కనబడేది ఏదైనా ఉన్నా దాచకుండా ఇవ్వండి.

ఇప్పుడు 90 రోజులు. దర్యాప్తు పూర్తి చేసి ఛార్జిషీట్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు అది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ రిపోర్టు ఇచ్చి, ఇంతవరకు ఏం జరిగింది, ఇంకా ఈ మనిషిని లోపలే ఎందుకు ఉంచాలి అన్నది చెబితే కోర్టు 180 రోజుల దాకా పెంచవచ్చు. గడువులోపు ఛార్జిషీట్ రాకపోతే, గడువు పెంచకపోతే, కేసు ఎంత పెద్దదైనా బెయిల్ హక్కే. దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. కానీ అమ్మా, అది అడిగితేనే వస్తుంది. గడువు ముగిసిందని జైలు తలుపు దానంతటది తెరుచుకోదు. మీవాళ్లు అడగకముందే ఛార్జిషీట్ పడిపోతే ఆ హక్కు పోయినట్టే.

దీనికి మహారాష్ట్రలో కార్యకర్తలు, రచయితల మీద పెట్టిన భీమా కోరెగావ్ ఉపా కేసును మించిన ఉదాహరణ లేదు. అందులో లాయరు సుధా భరద్వాజ్ గడువును పెంచిన జడ్జికి ఆ అధికారమే లేదని తేలి, 2021 డిసెంబరు 1న బొంబాయి హైకోర్టు ఆమెకు డిఫాల్ట్ బెయిల్ ఇచ్చింది. అదే కేసులో ఉన్న వరవరరావుతో సహా మరో 8 మందికి మాత్రం అదే రోజు కాదంది. వాళ్ల తరఫున దరఖాస్తు సమయానికి పడలేదన్నదే కారణం. వరవరరావుకు ఆ తర్వాత 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలతో బెయిల్ ఇచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఒక్క దరఖాస్తు ఉండటం, లేకపోవడం మనుషుల జీవితాల్లో అంత తేడా తెచ్చింది.

కాబట్టి ఇవాళే క్యాలెండర్ తీయండి. లెక్క అరెస్టు చేసిన రోజు నుంచి కాదు, మొదటిసారి రిమాండ్ చేసిన రోజు నుంచి. ఆ రోజునూ కలుపుకోవాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. కేసు పోలీసుల నుంచి ఎన్‌ఐఏకు మారినంత మాత్రాన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు కాదు. 90వ రోజుకు ఎర్ర గీత పెట్టి, దానికి పది రోజుల ముందే లాయరుతో కూర్చోండి. గడువు పెంచమని అవతలివాళ్లు దరఖాస్తు పెడితే ఆ సమయంలో తమ్ముణ్ని కోర్టు ముందు ఉంచాలి, అలాంటి దరఖాస్తు వచ్చిందని అతనికి తెలియాలి. నేరుగానైనా, వీడియోలోనైనా సరే. అలా చేయకుండా పెంచిన గడువు చెల్లదని 2022లో జిగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు పెంచారన్నది కూడా చూడాలి. ప్రత్యేక కోర్టు ఉంటే అదే, లేకపోతే సెషన్స్ కోర్టు. మేజిస్ట్రేట్‌కు ఈ అధికారం లేదు.

అరెస్టు రోజు కాగితాలు మీ దగ్గర ఏమున్నాయో ఉత్తరంలో రాయలేదు. అరెస్టు మెమో మీద ఇంట్లో ఎవరైనా సంతకం చేశారా? అరెస్టు ఎందుకు చేస్తున్నారో అతనికి రాతపూర్వకంగా ఇచ్చారా? న్యూస్‌క్లిక్ అనే వార్తల వెబ్‌సైట్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పుర్కాయస్థను ఇదే చట్టం కింద అరెస్టు చేసినప్పుడు కారణాలు రాసివ్వలేదు. 2024 మే 15న సుప్రీంకోర్టు ఆ అరెస్టే చెల్లదంది. అందరికీ ఒకేలా అచ్చువేసిన నాలుగు వాక్యాలు సరిపోవు, ఈ మనిషి ఏం చేశాడని పట్టుకున్నారో అందులో ఉండాలి. అది కూడా అతనికి అర్థమయ్యే భాషలో. తమ్ముడికి తెలుగు తప్ప రాకపోతే, ఇంగ్లిషు కాగితం చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నారా అన్నది ములాఖత్‌లో, అంటే జైల్లో కలిసినప్పుడు, అడగండి.

సోదా గురించి. ఇల్లు వెతికేటప్పుడు స్థానికంగా ఇద్దరు సాక్షులుండాలి. ఇంటివాళ్లను అక్కడ ఉండనివ్వాలి. ఏమేం తీసుకున్నారో జాబితా రాసి మీకో కాపీ ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం, అదే బీఎన్‌ఎస్‌ఎస్, ఈ తతంగమంతా వీడియో తీయాలంటోంది. జాబితాలో ప్రతి ఫోనుకు ఐఎంఈఐ నంబరు (ఆ ఫోనుకే ఉండే గుర్తింపు నంబరు) రాశారా, సీలు వేశారా చూడండి. హ్యాష్ వాల్యూ అని ఇంకొకటి ఉంటుంది. ఫోన్‌లో ఉన్న డేటా మొత్తాన్నీ లెక్కగడితే వచ్చే అక్షరాలు, అంకెల పొడుగాటి వరుస అది. లోపల ఒక్క ఫైలు చేర్చినా, తీసేసినా ఆ వరుస మారిపోతుంది. డేటాను కాపీ తీసిన రోజు నమోదు చేసిన హ్యాష్, కోర్టులో చూపించే నాటి హ్యాష్ ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. మీ తమ్ముడి కేసు ఫోన్ మీదే నడిచేలా ఉంది కాబట్టి, లాయరు ఆ సర్టిఫికెట్ మొదట్లోనే అడగాలి. స్వాధీనం చేసుకున్న రోజుకూ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపిన రోజుకూ మధ్య ఆ ఫోన్ ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అన్నది కూడా.

ఇవి చిల్లర సంగతులని మీ ఇంట్లో ఎవరైనా అంటే సాయిబాబా కేసు చెప్పండి. అమలాపురంలో పుట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబాను మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ ఉపా కింద 2014 మేలో అరెస్టు చేశారు. 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అంది. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వం ఇచ్చిన అనుమతి చెల్లదని, సోదాలో దొరికాయన్నవాటిని, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని చట్టప్రకారం నిరూపించలేకపోయారని చెప్పింది. నూటికి తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో బతికిన మనిషి అప్పటికి ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. విడుదలయ్యాక ఏడు నెలలు బతికి, ఆ అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయాడు. కాగితాల్లోని తప్పు పదేళ్లకు బయటపడింది. అది మొదటి నెలలోనే కనబడాలన్నది నా తపన.

ఆ ప్రభుత్వ అనుమతి సంగతి కూడా చెబుతాను. ఉపా కేసులో ప్రభుత్వం అనుమతిస్తేనే కోర్టు విచారణకు తీసుకోవాలి. సాక్ష్యాలను ముందు వేరే అధికారి స్వతంత్రంగా పరిశీలించి ఏడు పనిదినాల్లో సిఫారసు చేయాలి. ఆ తర్వాత ఏడు పనిదినాల్లో ప్రభుత్వం నిర్ణయించాలి. ఈ గడువులు పాటించి తీరాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఛార్జిషీట్ వచ్చాక లాయరు ముందుగా వెతకాల్సిన కాగితాల్లో ఇదొకటి.

నాన్నగారి నోటీసు విషయంలో భయం అక్కర్లేదు. అది బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద వచ్చిందేమో పైన చూడండి. అది సాక్షిగా పిలిచే నోటీసు. 60 దాటినవాళ్లను, ఆడవాళ్లను వాళ్లుంటున్న చోటు తప్ప మరెక్కడికీ రమ్మని ఆ సెక్షన్ కింద బలవంతపెట్టకూడదు. ఆధార్ కాపీ జతచేసి, "నాకు 63 ఏళ్లు, దర్యాప్తుకు సహకరిస్తాను, ఇంటి దగ్గర విచారించండి" అని రాతపూర్వకంగా, రసీదు వచ్చేలా పంపండి. ఊరుకోవడం మాత్రం తప్పు. వచ్చినప్పుడు తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. తన మీదకే నేరం వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. పోలీసులకు సాక్షిగా ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం అవసరం లేదని చట్టంలోనే ఉంది. తెల్ల కాగితం మీద సంతకం ఎవరడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, పెట్టొద్దు.

తమ్ముణ్ని మళ్లీ పోలీసు కస్టడీకి తీసుకుంటారని కూడా సిద్ధంగా ఉండండి. మామూలు కేసుల్లో 15 రోజులైతే ఇక్కడ 30 రోజుల దాకా ఇవ్వొచ్చు. జైలు నుంచి కస్టడీకి కావాలంటే దర్యాప్తు అధికారి కారణాలతో అఫిడవిట్ వేయాలి. ఆ సమయంలో తనకు నచ్చిన లాయరును కలిసే హక్కు తమ్ముడికి ఉంది. విచారణ సాగినంతసేపూ లాయరు పక్కన కూర్చోలేరు, మధ్యలో కలవొచ్చు. కోర్టు కస్టడీ ఇచ్చేటప్పుడే లాయరు కలిసే వేళలు, వైద్య పరీక్షలు ఆర్డరులో రాయించాలి. దెబ్బలేమైనా తగిలితే తిరిగి కోర్టుకు తెచ్చిన క్షణమే జడ్జికి చెప్పాలి. వారం తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఇంకోటి, టాడా, పోటా అనే పాత ఉగ్రవాద చట్టాల రోజుల్లో ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకుంటే అదే సాక్ష్యం. అక్షర్‌ధామ్ దాడి కేసులో అలాంటి ఒప్పుకోలు మీద ఉరిశిక్షలు కూడా పడి, 2014లో సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. ఉపాలో పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. మేజిస్ట్రేట్ ముందు చెప్పింది మాత్రం చెల్లుతుంది. కాబట్టి "మేజిస్ట్రేట్ ముందు ఒక్కమాట చెప్పేస్తే వదిలేస్తాం" అని ఎవరన్నా, లాయరును అడగకుండా ఒప్పుకోవద్దని తమ్ముడికి తెలియాలి.

ఇదంతా చదివి నేను దర్యాప్తు సంస్థల మీద అనుమానం నూరిపోస్తున్నానని అనుకోవద్దు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర, మిర్చి సెంటర్ దగ్గర బాంబులు పేలి 18 ప్రాణాలు పోయాయి. ఎన్‌ఐఏ దర్యాప్తు చేసి, చర్లపల్లి జైల్లో పెట్టిన కోర్టులో 157 మంది సాక్షులను విచారించింది. 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసింది. సాక్ష్యం మీద సాక్ష్యం పేర్చుకుంటూ వెళ్లారు కాబట్టి హైకోర్టులోనూ ఆ కేసు నిలబడింది. అదే నగరంలో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడుకు 9 మంది చనిపోతే, పోలీసులు మొదట పాతబస్తీ కుర్రాళ్లను పెద్ద సంఖ్యలో పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులొచ్చాయి, కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. ప్రభుత్వం కొంత పరిహారమిస్తే 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టేసింది. తర్వాత సీబీఐ, ఆపైన ఎన్‌ఐఏ వేరేవాళ్లను నిందితులుగా చూపించాయి, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు సాక్ష్యం లేదని వదిలేసింది. ఆ 9 కుటుంబాలకు మా బిడ్డను చంపింది ఫలానావాడని కోర్టు తీర్పులో చూపించగలిగే పేరు ఒక్కటీ లేదు. కుర్రాళ్ల కుటుంబాలకు పోయిన పేరు తిరిగి రాలేదు. మీ తమ్ముడి కాగితాలు సరిగ్గా ఉండాలని మీరు పట్టుబట్టడం ఎవరి ప్రాణాలనూ తక్కువ చేయడం కాదు.

లాయరును ఎలా పట్టుకోవాలి? ఉపా కేసులు వాదించినవారే కావాలి. మీ జిల్లాలో ఎంత మంచి క్రిమినల్ లాయరున్నా, ఈ చట్టంలో గతంలో ఏయే కేసులు చూశారో మొహమాటపడకుండా అడగండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని చట్టం. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ప్రత్యేక కోర్టు బెయిల్ కాదంటే హైకోర్టుకు మామూలు బెయిల్ పిటిషన్ వేయడం కుదరదు. ఎన్‌ఐఏ చట్టం 21 కింద అప్పీలు వేయాలి, ఇద్దరు జడ్జిల బెంచి వింటుంది, గడువు 30 రోజులు. ఈ 30 రోజులు కూడా క్యాలెండర్‌లో రాసుకోండి.

వాడెప్పుడొస్తాడని అడిగారు. ఛార్జిషీట్ గడువులో పడి, బలమైన సెక్షన్లు ఉంటే నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు. ఈ మాట అమ్మానాన్నలకు ఒక్కసారిగా కాకుండా మెల్లగా చెప్పండి. కానీ దారులన్నీ మూసుకుపోలేదు. విచారణ ఇప్పట్లో తేలదు, మనిషి ఏళ్లుగా లోపలున్నాడు అంటే 43డి ఉన్నా హైకోర్టు, సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వొచ్చని 2021 ఫిబ్రవరి 1న కె.ఎ. నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతను అప్పటికి ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2024 ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో, చట్టం ఎంత కఠినమైనా షరతులు తీరితే బెయిల్ కాదనకూడదంది. ప్రతి కేసులో అలాగే జరుగుతుందని మాత్రం మాటివ్వలేను.

మీ ఇంట్లో మిగిలిన ఫోన్లలో ఏదీ డిలీట్ చేయకండి. అమాయకంగా చేసినా సాక్ష్యం మాయం చేశారన్న కొత్త కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఆ స్నేహితుడి ఇంటివాళ్లతో కేసు గురించి ఫోన్లో మాట్లాడకండి. ఫేస్‌బుక్‌లో తమ్ముడి తరఫున వాదించకండి, ఊళ్లో ఎవరైనా అడిగితే కోర్టులో ఉందని చెప్పి ఊరుకోండి. ములాఖత్‌లో "నిజంగా చేశావా" అని అడగాలనిపిస్తుంది. అక్కడ అడగొద్దు, గోడలకు చెవులుంటాయి. ఆ ప్రశ్న లాయరు అడుగుతారు. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిద్ర పడుతోందా, ఏవైనా మందులు కావాలా, కాగితాలు ఏ భాషలో ఇచ్చారు, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టించుకున్నారు. బయటికి రాగానే గేటు దగ్గరే నిలబడి, తేదీ వేసి, వాడు చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకుని ఆ పేజీ లాయరుకు చూపించండి.